పన్నెండో రీడింగు

పర్చూరు,
మంగళవారం మధ్యాహ్నం

మామయ్యగారికి,

ఇది చదివేముందు మజ్జిగ తాగి కూర్చోండి. మధ్యలో లేచి వెళ్ళి నాకు ఫోను చెయ్యకండి. ఫోనులో అయితే ఇందులో సగం కూడా చెప్పలేను. మీరు "ఏమ్మా, భోంచేశావా" అనగానే చేశానండీ అని పెట్టేస్తాను. నిన్నా మొన్నా అదే జరిగింది, రెండుసార్లూ నేను భోజనం చెయ్యలేదు కూడా. అందుకే కాగితం మీద పెట్టి, మన కంపెనీ వ్యాను నడిపే బుడాన్ చేతికిస్తున్నాను. సామాను కోసం మంగళగిరి వచ్చి రేపు మళ్ళీ ఇక్కడికి వస్తాడు. ఒక్క మనవి. అత్తయ్యగారికి ఈ సంగతి తెలియనివ్వకండి. ఆవిడ కంగారుపడ్డారని తెలిస్తే నాకు ఇక్కడ కాళ్ళూ చేతులూ ఆడవు.

విషయం ఏమిటంటే, నేను తప్పు చేశాను. మీ పేరు మీద చేశాను.

అంకమ్మరావుగారి జిన్నింగు మిల్లులో పోయినేడు జరిగింది మీకు కొంత తెలుసు. రైతుల దగ్గర్నుంచి వచ్చే పత్తిలో మేకులు, తీగముక్కలు, గోనెసంచి సూదులు ఏవో ఒకటి ఉంటాయి. పత్తి బెల్టు మీద వెళ్ళి గింజలు వేరు చేసే మిషన్లలో పడుతుంది. ఇనపముక్క అక్కడి రంపప్పళ్ళకి తగిలితే ఒక్క నిప్పురవ్వ చాలు. పోయినేడు అదే జరిగింది. మూడో మిషను దగ్గర పనిచేసే సైదాబీకి కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలింది. అప్పుడు ఆయన మన రామకాంత్‌గారి కంపెనీకి వచ్చి, బెల్టు మీద వేలాడదీసే పెద్ద కరెంటు అయస్కాంతం కావాలన్నారు. పత్తి మిషన్లలోకి వెళ్ళేలోపు ఇనుమంతా అది పైకి లాగెయ్యాలి. ఒక్క మేకు కూడా లోపలికి పోకూడదని ఆయన మాట. ఇనుము ఎంత మందం ఉండాలో, తీగ ఎన్ని చుట్లు చుట్టాలో లెక్క తేల్చి, తయారు చేసేముందు కంప్యూటరులో నడిపి చూడటం నా పని.

దానికి మనం వాడే ఇనుము స్వభావం తెలియాలి. అది మీ పని. పాలిటెక్నిక్ ల్యాబులో ముప్పైయొక్క ఏళ్ళు చేసి రిటైరయ్యాక మీరు ఇంట్లో బాగా తిరుగుతున్న ఫ్యాన్లన్నీ విప్పుతుంటే చూడలేక, రామకాంత్‌గారిని ఒప్పించి ఆ ఫ్లక్సు మీటరునీ మిగతా సరంజామానీ మన వరండా గదిలో పెట్టించింది నేనే. ఇనపరింగుకి రాగితీగ చుట్టి, కరెంటు కొంచెం కొంచెం పెంచుతూ, ఒక్కో మెట్టుకీ ఇనుము ఎంత అయస్కాంతం పట్టిందో మీటరు చూసి రాయడం మొదలుపెట్టాక మీ నడకే మారిపోయింది. అత్తయ్యగారు నాతో "మీ మామయ్య మళ్ళీ ఇస్త్రీ చొక్కా అడుగుతున్నారే" అన్నారు. ఆ మాట వల్లే ఇదంతా జరిగిందని ఇప్పుడనిపిస్తోంది.

ఇనుము గురించి మీకు చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. కానీ కంప్యూటరు ఏం చేస్తుందో మీరెప్పుడూ అడగలేదు కాబట్టి చెబుతాను. అది అయస్కాంతం బొమ్మని లక్షల చిన్నముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్కలో ఎంత అయస్కాంతం ఉంటుందో ముందు ఊహిస్తుంది. ఆ ఊహ మీరిచ్చిన అంకెలతో సరిపోయిందా అని చూస్తుంది. సరిపోదు. తేడా ఎంతో చూసుకుని ఊహని సవరిస్తుంది, మళ్ళీ చూస్తుంది. ఇనుము మొదట ఆబగా తిని, కడుపు నిండాక ఎంత పెట్టినా ముట్టని రకం కదా, అందుకని ఒక్కసారికి తేలదు. కానీ ఇలా సవరించే ఒక్కో చుట్టుకీ తేడా తగ్గాలి. తగ్గి తగ్గి లెక్కలోకి రానంత చిన్నదైతే కన్వర్జ్ అయిందంటాం. అప్పుడే ఆ ఫలితాన్ని నమ్మవచ్చు.

నాది కాలేదు. పద్దెనిమిది రోజులు కాలేదు. ఆరేడు చుట్లు బాగానే తగ్గేది, అక్కడి నుంచి పెరిగేది, తగ్గేది, మళ్ళీ పెరిగేది. కరెంటుని చిన్న చిన్న మోతాదుల్లో పెంచి చూశాను. ముక్కలు ఇంకా సన్నగా కోశాను. సవరణలో సగమే చెయ్యమని చెప్పాను. ఏం చేసినా అంతే. రామకాంత్‌గారు రోజూ పొద్దున్నే నా బల్ల దగ్గర ఆగి, సంబంధం సంగతి అడిగినట్టు "కుదిరిందా" అని అడిగేవారు. లేదని తల ఊపేదాన్ని. కలలో కూడా ఆ తేడా అంకెలే పైకీ కిందకీ పోయేవి.

పంతొమ్మిదో రోజున మీరిచ్చిన ఇరవై రీడింగులనీ గ్రాఫు గీశాను. మొదటే గీయాల్సింది. మీ కాగితాన్ని అనుమానించాలని తోచలేదు. ఒకటి నుంచి పదకొండు దాకా గీత చక్కగా వంగుతూ వచ్చింది. పన్నెండో రీడింగు దగ్గర మాత్రం మెట్టు ఎక్కినట్టు ఒక్కసారిగా పైకి లేచింది. అక్కణ్ణుంచి ఇరవై దాకా మళ్ళీ చక్కగానే ఉంది. ఇనుము మెట్లెక్కదు కదా మామయ్యగారూ. పాపం కంప్యూటరు ఆ మెట్టు దగ్గర ఒకసారి పైకెక్కి, ఒకసారి కిందపడి, అక్కడే తన్నుకులాడుతోంది.

ఇంటికొచ్చి ఇదేమిటని మిమ్మల్ని అడగాల్సింది. అడగలేదు. ఎందుకంటే మీ కళ్ళ సంగతి నాకు తెలుసు. బిగించే మర ఎక్కడుందో మీరు వేలితో తడిమి వెతుక్కోవడం చూశాను. బస్టాండులో బోర్డు నన్ను చదవమని, పరీక్ష పెట్టానంటూ నవ్వేయడమూ చూశాను. మీటరు మీద ఎనిమిది మీకు మూడులా కనిపించి ఉంటుందనుకున్నాను. అడిగితే మీరు ఒక్కమాట కూడా అనకుండా సామానంతా పెట్టెలో సర్ది, తీసుకెళ్ళిపొమ్మంటారు. అది నేను చూడలేను. ఇంకా నిజం చెప్పాలంటే, మళ్ళీ మొదటి నుంచి చేస్తే నెల పోతుందని కూడా భయపడ్డాను. ప్రేమ ఎంతో భయమెంతో విడదీసి చెప్పడం నా వల్ల కాదు.

అందుకని ఎనిమిదో రీడింగు నుంచి పదకొండోదాని దాకా నాలుగు అంకెల్ని పైకి జరిపి, పై గీతలో కలిపేశాను. మెట్టు పోయింది. తొమ్మిది చుట్లలో కన్వర్జ్ అయింది. ఆ రోజు సంతోషంతో ఆఫీసంతటికీ జిలేబీ తెప్పించాను, మీకూ తెచ్చాను, మీరు తిన్నారు. రిపోర్టులో "లోహపరీక్ష: కె. శేషాచలం" అని మీ పేరు వేసి, కింద నేను సంతకం చేశాను.

నిన్న ఇక్కడ బిగించి చూశాం. బెల్టు మీద ఒక చోట అయస్కాంతం బలం రిపోర్టు ప్రకారం నూట ఇరవై చూపించాలి. మీటరు తొంభై చూపించింది. మిషన్లు ఆపించి, పత్తిలో ఇరవై మేకులు దాచి బెల్టు తిప్పాం. పదిహేడు దొరికాయి. మూడు అయస్కాంతం కింద నుంచి వెళ్ళిపోయాయి. బెల్టు సరిచెయ్యాలని అందరికీ ఏదో చెప్పాను. శుక్రవారం పొద్దున తొమ్మిదింబావుకి పూజ, ఆ వెంటనే మిల్లు మొదలు. పత్తి ట్రాక్టర్లు అప్పుడే గేటు బయట బారులు తీరుతున్నాయి.

నాకు ఒక్కటే చెప్పండి. మెట్టు కింది అంకెలు నిజమా, పైవి నిజమా? మీకు గుర్తున్నంత చాలు. ఎవరికీ చెప్పను. బుడాన్ చేతికి రెండు ముక్కలు రాసివ్వండి.

మీ కోడలు,
మనోజ్ఞ


పర్చూరు,
బుధవారం సాయంత్రం

మామయ్యగారూ,

బుడాన్ ఉత్తచేతులతో వచ్చాడు. ఉత్తరం మీ చేతికే ఇచ్చాడట. పొద్దున్న బయల్దేరేముందు వచ్చి అడిగితే వరండా గది తలుపులు వేసి ఉన్నాయట, లోపల్నుంచి మీరు "ఇవాళ ఏమీ లేదు, వెళ్ళు నాయనా" అన్నారట. మీకు కోపం వచ్చింది. వస్తుందని తెలిసే రాశాను.

మీ జవాబు కోసం ఆగే వ్యవధి లేకపోయింది. మధ్యాహ్నం అంకమ్మరావుగారి దగ్గరికెళ్ళి శుక్రవారం మిషన్లు నడపొద్దని చెప్పాను. ఆయన ముందు నేను వేళాకోళం ఆడుతున్నాననుకున్నారు. తర్వాత గొంతు పెంచారు. ట్రాక్టర్లు చూపించారు, ముహూర్తం చూపించారు. పోయినేడు ఒక్క మేకునీ పట్టే దిక్కు లేదని, ఈ ఏడు ఇరవైకి పదిహేడు పట్టిందని, ఇంకేం కావాలని అడిగారు. నిజానికి ఆ మాట నాకూ బాగానే ఉందనిపించింది. తల ఊపి వచ్చేసేదాన్నే. ఇంత పిరికిదాన్నని మీకు తెలియదు.

సైదాబీ అక్కడే పత్తి గుట్ట పక్కన కూర్చుని ఉంది. మొన్న మేకులు ఏరింది ఆవిడే. మా ఇద్దరి మాటా అయ్యేదాకా ఆగి, లేచి వచ్చి నన్నే అడిగింది.

"ఆ మూడూ ఏ మిషన్లోకి పోయినయ్యమ్మా?"

చెప్పడానికి ఏముంది, బెల్టు మీద మిగిలినవి ఎటైనా పోతాయి. ఆవిడ చెయ్యి మీది చర్మం ఇప్పటికీ నున్నగా, మెరుస్తూ, ముడతలు పడి ఉంది. ఆ చేత్తోనే పమిట సర్దుకుంది. అప్పుడు అంకమ్మరావుగారే "చెప్పమ్మాయ్, తప్పెక్కడ జరిగింది?" అన్నారు. ఈసారి మెల్లగా అడిగారు.

అంకెలు కంప్యూటరులో ఎక్కించేటప్పుడు నేనే తప్పు కొట్టానని చెప్పాను. శేషాచలంగారి కాగితంలో తప్పేమీ లేదన్నాను. రామకాంత్‌గారికీ ఫోను చేసి అదే మాట చెప్పాను. ఆయన రేపు తనే ఇక్కడికి వస్తానని, అన్నీ రాసి పెట్టమని అన్నారు. రాసి పెట్టాను. దాని కింద ఇంకో కాగితం కూడా ఉంది, అది ఉద్యోగం మానేస్తున్నానని. ఈ సంగతి మీ అబ్బాయికి ఇంకా చెప్పలేదు. పూనాలో ట్రైనింగులో ఉన్నాడు, వచ్చాక చెబుతాను.

ఇక మీ పేరు జోలికి ఎవరూ రారు. కింది అంకెలు నిజమో పైవి నిజమో కూడా మీరు చెప్పక్కర్లేదు. మీరు అనుకుంటున్నట్టు నేను మిమ్మల్ని అనుమానించి అవమానించాలనుకోలేదు. అనుమానించాను, అది నిజమే. అవమానం జరగకుండా చూద్దామనుకున్నాను. రెండూ ఒకటేనని మీరంటే ఒప్పుకుంటాను. సామాను మాత్రం పెట్టెలో సర్దకండి. నా తర్వాత ఆ పనికి ఎవరొచ్చినా వాళ్ళకి మీరు కావాలి.

ఈ ఉత్తరం కూడా బుడానే తెస్తాడు. సామాను మరిచిపోయాడట, రాత్రికి వచ్చి పొద్దున్నే తిరిగి వచ్చేస్తాడు. దీనికి జవాబు రాయకపోయినా ఏమీ అనుకోను.

మనోజ్ఞ


మంగళగిరి,
గురువారం, తెల్లవారాక

చిరంజీవి మనోజ్ఞకు,

మామయ్య ఆశీస్సులు. రాత చూడగానే నీకు తెలిసిపోయి ఉంటుంది. చెప్పేది నేను, రాసేది మీ అత్తయ్య. నీ మొదటి ఉత్తరాన్ని నేను చదవలేదమ్మాయ్, విన్నాను. అత్తయ్యకు తెలియనివ్వొద్దని నువ్వు రాసిన ముక్కని ఆవిడే గట్టిగా చదివింది. చదివి ఆగి నా వంక చూసింది. కానివ్వమన్నాను.

నా కళ్ళ గురించి నువ్వనుకున్నది నిజం. ఏడాదిగా మీటరు మీద అంకెలు నాకు ఎర్రటి మచ్చలే. ఎనిమిదీ లేదు, మూడూ లేదు. కానీ నా కళ్ళు అంకెల్ని తప్పు చదివాయన్న నీ ఊహ తప్పు. నీకు ఇచ్చిన ఏ కాగితంలోనూ నేను చదివిన అంకె ఒక్కటీ లేదు. కరెంటు తిప్పేది నేను. మీటరు చదివేదీ, కాగితం మీద ఎక్కించేదీ మీ అత్తయ్య. నువ్వు ఆఫీసులో ఉండే వేళల్లోనే చేసేవాళ్ళం. ఆవిడ చూపుకి ఢోకా లేదు. బియ్యంలో రాళ్ళు ఏరే చూపు అది.

నిన్న బుడాన్‌కి ఏమీ ఇవ్వకపోవడం కోపంతో కాదు. ఇవ్వడానికి నా దగ్గర జవాబు లేదు. తలుపులు వేసుకుని, పొద్దున ఎనిమిదింటి నుంచి ఆ రింగుకే మళ్ళీ ఇరవై రీడింగులూ తీశాం. ఒకసారి కాదు, మూడుసార్లు. లేవకుండా, కాఫీ కూడా తాగకుండా. మెట్టు రాలేదు. మొదటి పదకొండూ ఆగస్టులో నీకిచ్చిన కాగితంలోవే వచ్చాయి. పన్నెండు నుంచి మాత్రం అన్నీ తక్కువ. అంటే మెట్టు కిందివే నిజం. నువ్వు నిజమైన నాలుగింటినీ జరిపి అబద్ధాల్లో కలిపావు. ఇనుము నువ్వనుకున్న దానికంటే ముందే నిండిపోతుంది. అందుకే నీ అయస్కాంతం బలం తగ్గింది.

ఆగస్టులో ఏం జరిగిందో మా దగ్గరున్న చిత్తుకాగితం వెనక మీ అత్తయ్య రాసి పెట్టింది. పదకొండోది అయ్యేసరికి ఆరుంబావు. సంధ్య వార్చుకునే వేళ దాటిపోతోందని లేచాను. అరగంటకి వచ్చి కూర్చుని పన్నెండోది మొదలుపెట్టాను. ఆ మీటరుని అలా వదిలి లేవకూడదు. వదిలేస్తే తీగలో ఏమీ జరగకపోయినా అంకె దానంతటది పాకుతుంది. లేస్తే సున్నా నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. ముప్పైయొక్క ఏళ్ళు పిల్లలకి ఈ మాట చెప్పాను, చెప్పినప్పుడల్లా బల్ల మీద కొట్టి మరీ చెప్పాను. ఇంట్లో కూర్చుని చేస్తున్నాను కదా అని ల్యాబులో ఉన్నానన్న సంగతి మరిచాను. అరగంటలో పాకినదంతా తర్వాతి తొమ్మిదింటికీ కలిసిపోయింది. తప్పు కళ్ళది కాదు, నాది.

నువ్వు అంకెలు దిద్దినందుకు కోపంగా ఉంది. నన్ను అడగనందుకు ఇంకా కోపంగా ఉంది. అడిగి ఉంటే ఆ రోజే కాగితం వెనక చూసేవాళ్ళం, పది నిమిషాల్లో తేలేది. కానీ కళ్ళ సంగతి నీ దగ్గర దాచినవాణ్ణి నిన్ను నిలదీసే ముఖం నాకు లేదు. నా ముందు గుడ్డితనం అన్న మాట రాకుండా నువ్వు కాపలా కాశావు. నీ ముందు రాకుండా మేము కాశాం. ఈలోపు ఆ అమ్మాయి సైదాబీ మూడో మిషను దగ్గర నిలబడబోయింది.

నీ రెండో ఉత్తరం విన్నాక నాకు నిద్ర పట్టలేదు. మిల్లు ఆపావు, అది మంచి పని. కానీ టైపు తప్పని చెప్పావు. నా కోసం రెండోసారి అబద్ధమాడావు. ఆ రాజీనామా కాగితం చించెయ్యి. పొద్దున్నే రామకాంత్‌కి నేనే ఫోను చేసి, దిద్దింది నువ్వనీ, దిద్దాల్సిన అవసరం తెచ్చింది నేననీ చెప్పాను. ఆయన సంతోషపడలేదు. ఇద్దరం తన ముందు కూర్చుని మాట్లాడాలన్నాడు. అయస్కాంతం ఇనుము మందం పెంచి మళ్ళీ చెయ్యడానికి రెండు వారాలు పడుతుందన్నాడు, ఈలోగా పత్తిని మనుషులతో ఏరించి పంపేలా అంకమ్మరావుతో మాట్లాడతానన్నాడు. నేనూ మీ అత్తయ్యా పదకొండు గంటల బస్సుకి వస్తున్నాం. అంకమ్మరావుకీ, సైదాబీకీ నేనే చెప్పుకుంటాను.

కొత్త అంకెలు ఇందులోనే పెట్టాను. వీటితో లెక్క నడుపు. కన్వర్జ్ అయితే అదే చోట తొంభై దగ్గర రావాలి. వస్తే నీ కంప్యూటరూ, అక్కడి మీటరూ, మేమూ ఒక్క మాట మీద ఉన్నట్టు. రాకపోతే నాకు చెప్పు. ఈసారి చెప్పు.

మీ మామయ్య,
శేషాచలం

మనోజ్ఞా, ఇక్కణ్ణుంచి నా మాటలు. ఆయన స్నానానికి వెళ్ళారు.

ఆయన చెప్పినవన్నీ ఉన్నవున్నట్టే రాశాను, ఒక్కటి తప్ప. అది ఆయన చెప్పలేదు. ఆగస్టులో ఆయన సంధ్య వార్చుకుంటున్న అరగంటా నేను మీటరు ముందే కూర్చున్నాను. ఎవరూ ఏమీ తిప్పకుండానే అంకె మెల్లగా పెరుగుతూ పోయింది. ఆయన రాగానే ఇది కదులుతోందండీ అన్నాను. "మధ్యలో మాట్లాడకు, పన్నెండోది చదువు" అన్నారు. చదివాను. నాకేం తెలుసులే అని ఊరుకున్నాను. నిన్న మూడోసారి కూడా మెట్టు రాకపోయేసరికి, ఆ రోజు నేనన్న మాట ఆయనకే గుర్తొచ్చింది. కుర్చీలో వెనక్కి వాలారు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పగటిపూట అలా పట్టుకోవడం నాకు గుర్తులేదు.

గుంటూరు కళ్ళాసుపత్రిలో సోమవారానికి ఆయన పేరు రాయించాను. ఆయనా సరేనన్నారు. ఆపరేషనయ్యి చూపొచ్చినా అంకెలు నేనే చదువుతాను. ఈసారి కదిలితే ఆయన వద్దన్నా చెబుతాను, ఆయన వినకపోతే నీకు చెబుతాను.

ఒక్కటి అడుగుతున్నాను, కాదనకు. కొత్త రిపోర్టులో ఆయన పేరు పక్కన నా పేరు కూడా వెయ్యి. అత్తయ్య అని నువ్వు మొహమాటపడి వెయ్యనక్కర్లేదు. ఆ ఇరవై అంకెలూ చదివింది నేను.

శ్యామలాంబ